హెడ్మాస్టరు వెనక బస్సు

ఆ ఏడు జూన్ ఇరవై ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం మా వంటింట్లో ముగ్గురం ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, ఉప్పు చల్లిన టమాటా ముక్కలు తిన్నాం. తారీఖు ఎందుకు గుర్తుందంటే, మర్నాడే రేసు మొదలు. తిన్నది ఎందుకు గుర్తుందంటే, మా అబ్బాయి అందరికీ పెట్టిన గుడ్లలో సగం తనే తినేసి, ఇంకోదాని మీద చెయ్యి వేస్తూ తాపీగా ఒక మాట అన్నాడు.

"ఈసారి కూడా మధ్యలో దిగిపోతే, ఇంక సైకిలు గోడకి తగిలించేస్తా నాన్నా."

మా అక్క చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉండిపోయింది. వాడికి మేనత్త. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ మాతోనే ఉంటోంది.

"తగిలించు అల్లుడూ, మేకు నేను కొడతా" అంది చివరికి. "ముందా గుడ్డు పెంకు తియ్యి. పెంకుతో సహా నములుతున్నావు."

మా అబ్బాయిది సైకిలు రేసుల ఉద్యోగం. ఉద్యోగమనే అంటాను, ఎందుకంటే వాడు గెలవడానికి వెళ్ళడు. జట్టులో గెలవగలిగినవాడు ఒకడుంటాడు. అతనికి నీళ్ళ సీసాలు అందించడం, ఎదురుగాలికి అడ్డంగా నిలబడడం, అతని చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చెయ్యడం, ఇదీ మావాడి పని. వాళ్ళమ్మ పోయాక రెండేళ్ళుగా వాడు ఏ పెద్ద రేసూ పూర్తి చెయ్యలేదు. ఒకసారి మోకాలన్నాడు, ఒకసారి కడుపన్నాడు, ఒకసారి నిజంగానే పడ్డాడు. అసలు సంగతి మోకాలూ కడుపూ కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పే అలవాటు వాడికి లేదు. ఈసారి మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మూడు వారాల రేసు మొత్తం తొక్కి చివరి రోజు గీత దాటితే ఇంకో రెండేళ్ళకి సంతకం. దాటకపోతే ఒక నమస్కారం.

నేనూ ఆ రేసులోనే ఉండేవాణ్ణి. కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, వేసవి సెలవుల్లో బోర్డు మనిషిని. మోటారు సైకిలు వెనక సీటు మీద కూర్చుని, ముందున్నవాడికీ వెనకున్నవాళ్ళకీ ఎన్ని నిమిషాల తేడా ఉందో సుద్దముక్కతో నల్లబోర్డు మీద రాసి, తొక్కేవాళ్ళకి ఎత్తి చూపించాలి. అలాంటి బోర్డు బండ్లు రెండుండేవి, నాది రెండోది. చెవుల్లో రేడియోలు వచ్చాక కూడా ఆ బోర్డు తీసెయ్యలేదు. రేడియో పోయినా సుద్దముక్క పోదుగదా. ఈ పనికి ఒకే ఒక్క నియమం. బోర్డు మనిషి తొక్కేవాళ్ళతో మాట్లాడకూడదు. కన్నకొడుకు పక్కనుంచి పోతున్నా "జాగ్రత్తరా" అనకూడదు. రాయడం, చూపించడం, పక్కకి తప్పుకోవడం.

"ఇంట్లోనూ అంతేగా మీరు" అని మా ఆవిడ నవ్వేది.

ఆ ఏడు రేసంతా ఒక్కడిదే. ఇరవై ఐదేళ్ళవాడు, సన్నగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. గుంపులో అందరూ అతన్ని హెడ్మాస్టరు అనేవాళ్ళు, నలభైకి దగ్గరపడ్డవాళ్ళు కూడా. ఎందుకో ఒక్కరోజు చూస్తే తెలిసిపోయేది. అతను వెనకనుంచి మెల్లగా ముందుకి వస్తుంటే, అంతవరకూ కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు నోరు మూసుకుని తలలు వంచుకునేవాళ్ళు. చివరి కొండ మొదలయ్యే చోట అతను సీటు మీంచి లేచేవాడు. లేచి పది తొక్కుళ్ళు తొక్కేసరికి వెనక ఎవరూ ఉండేవాళ్ళు కాదు. కొండలున్న ప్రతి రోజూ అంతే, ప్రతిసారీ చివరి కొండ మొదట్లోనే.

"హెడ్మాస్టరు లేచాడు మేష్టారూ, ఇంక లాంగ్ బెల్లే" అనేవాడు నా మోటారు సైకిలు నడిపే ఆయన. రిటైరవక ముందు పోస్టుమాను. ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. ఏ మలుపులోనైనా ఉత్తరం అందించడానికి ఆగినట్టు మెత్తగా బ్రేకు వేసేవాడు. ఆయన వెనక కూర్చున్న ఇన్నేళ్ళలో నా సుద్దముక్క ఒక్కసారి కూడా జారిపడలేదు. అదొక అదృష్టం.

మొదటి వారం జనం అతన్ని చూసి వెర్రెత్తిపోయారు. అక్క రోజూ టీవీలో చూసి సాయంత్రం ఫోను చేసేది.

"ఏం తొక్కుడురా తమ్ముడూ వాడిది! కొండెక్కుతున్నాడా, దిగుతున్నాడా? నాకు కూర్చుంటే ఆయాసం వచ్చింది."

రెండో వారం వచ్చేసరికి గొంతు మారిపోయింది.

"కునుకు పట్టేసిందిరా. లేచి చూద్దును కదా, వాడొక్కడే పోతున్నాడు. నిన్నటిదే మళ్ళీ వేస్తున్నారేమో అనుకుని ఛానెలు మార్చేశా."

నాకూ అర్థమవుతూనే ఉంది, కాకపోతే నేను దాన్ని మనుషుల మొహాల్లో చూస్తున్నాను. రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని పొద్దున్నించీ కూర్చున్న కుటుంబాలు అతను దాటగానే లేచి కుర్చీలు మడిచేసేవి. అతని వెనక ఇంకా నూట అరవై మంది వస్తున్నారు. వాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. ఒక ఊరి చివర ఒక ముసలావిడ మాత్రం గేటు దగ్గర నిలబడి, ఇంట్లోంచి లాగిన పైపుతో వచ్చినవాళ్ళందరి మీదా నీళ్ళు చల్లుతూనే ఉంది, ఆఖరివాడు వెళ్ళేదాకా చల్లిందట. ఎవరు గెలుస్తున్నారో ఆవిడకి తెలుసని నేననుకోను. ఎండగా ఉందని తెలుసు.

తరిమేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఒకరోజు హెడ్మాస్టరు వెనక రెండో స్థానంలో ఒక్కడే తొక్కుతున్నవాడి పక్కకి వెళ్ళి బోర్డు ఎత్తి పట్టుకున్నాను. నాలుగు నిమిషాల తేడా. అతను చూడనైనా చూడలేదు.

"సార్, ముందున్నాయన సంగతి నాకెందుకు? మూడోవాడు ఎంత వెనకున్నాడో రాయండి, పుణ్యముంటుంది."

నేను మాట్లాడకూడదు. పోస్టుమాను మాట్లాడకూడదనే నియమం మాత్రం ఎక్కడా రాసిలేదు.

"మేష్టారూ, ఆ నాలుగు చెరపకండి, రేపటికీ పనికొస్తుంది" అన్నాడు పైకే. ఆ రెండోవాడు, అంత రొప్పులోనూ, నవ్వాడు.

రాత్రిళ్ళు భోజనాల దగ్గర ఒక పత్రికాయన మా బల్ల దగ్గరే కూర్చునేవాడు. కంచం కదపకుండా గొణుగుతుండేవాడు. "ఏం రాయమంటారు చెప్పండి. 'అతను లేచాడు, వెళ్ళాడు, గెలిచాడు.' ఎనిమిదోసారి. మా ఎడిటరు పాతది పంపానని తిట్టాడు." ఆ కోపంలో, చేతి గడియారం ఆగిపోతే హెడ్మాస్టరుని చూసి సరిచేసుకోవచ్చని రాసేశాడు. మర్నాడు పొద్దున్న ఆ పత్రిక హెడ్మాస్టరు చేతిలో చూశాను. రొట్టె నములుతూ మొత్తం చదివాడు, నాలుగు మడతలు పెట్టాడు, బల్ల మీద పెట్టి కాసేపు దానివైపే చూశాడు. కుర్రాడి మొహంలో ఆ నిమిషం హెడ్మాస్టరు లేడు. బడిలో ఎవరూ తనతో ఆడుకోవడం లేదని తెలిసిన పిల్లాడున్నాడు.

ఇంక బస్సు గురించి చెప్పాలి.

కొండలెక్కలేని బరువు మనుషులు, అలిసిపోయినవాళ్ళు, పొద్దున్నించీ నాయకులకి చాకిరీ చేసి ఖాళీ అయిపోయినవాళ్ళు, అందరూ వెనక ఒక గుంపుగా చేరతారు. దాన్ని బస్సు అంటారు. వాళ్ళకి గెలుపు లేదు, గడువుంది. గెలిచినవాడు ఎంతసేపట్లో వచ్చాడో దానికి కొంత శాతం కలుపుతారు. ఆ లోపల గీత దాటనివాడు ఆ సాయంత్రమే ఇంటికి. కాబట్టి బస్సులో ఎవరో ఒకరు లెక్క చూసుకుంటూ ఉండాలి. ఆ ఏడు ఆ పని చేసినవాడు గుంపులో అందరికన్నా పెద్దవాడు, అదే అతని ఆఖరి ఏడాది. అతన్ని కండక్టరు అనేవాళ్ళు.

కండక్టరు లెక్క సులువు. హెడ్మాస్టరు ఎక్కడ లేస్తాడో తెలుసు కాబట్టి ఎప్పుడు గీత దాటుతాడో తెలుసు. అది తెలిస్తే గడువు ఎప్పుడు తీరుతుందో తెలుసు. చేతి గడియారం చూసుకుని, గడువుకి ఒక ఐదు నిమిషాల ముందు బస్సుని స్టాపులో దింపేవాడు. అనవసరంగా ఒక్క తొక్కుడు తొక్కనిచ్చేవాడు కాదు. "తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి" అంటూ. అంతమంది ప్రాణాలు ఒక మనిషి అలవాటు మీద పెట్టి నడిపాడు. ఎవరికీ అది తప్పనిపించలేదు, నాకూ అనిపించలేదు. మావాడు కొండలున్న ప్రతి రోజూ ఆ బస్సులోనే, చివరి వరసలో, ఎవరితోనూ మాట్లాడకుండా.

మూడో వారంలో ఒక పెద్ద రోజు వచ్చింది. మూడు కొండలు, మధ్యలో ఒక పొడుగాటి లోయ. ఆ రోజు దాటితే తరవాత మిగిలేవి చిన్న ఎక్కుళ్ళే. మొదటి కొండ మీదే బస్సు వెనకబడింది. అందరికన్నా వెనక, మానేసినవాళ్ళని ఎక్కించుకునే చీపురు బండి ఉంటుంది. దాని డ్రైవరు రేడియోలో చెప్పాడు. "ముప్పై నాలుగు మంది. బాగానే ఉన్నారు. కండక్టరు కథలు చెబుతున్నాడు, ఎవరో పాట కూడా పాడుతున్నారు." ఆ తరవాత వాళ్ళు కొండ చాటుకి వెళ్ళారు. అక్కడ రేడియోలు పనిచెయ్యవు, చెవుల్లోవీ పనిచెయ్యవు, బండ్లలోవీ పనిచెయ్యవు.

అప్పుడు, రెండో కొండ మొదట్లో, హెడ్మాస్టరు లేచాడు.

"ఇదేంటి మేష్టారూ?" అన్నాడు పోస్టుమాను. "ఇంకా సగం దూరం ఉంది. నీళ్ళు తాగడానికి లేచాడా?"

నీళ్ళు తాగడానికి కాదు. వెళ్ళిపోయాడు. తరిమేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మామూలుగా రెండో స్థానం కోసం సర్దుకున్నారు. నేను వాళ్ళకి బోర్డు చూపించాను. ఒకడు చేత్తో వద్దన్నట్టు ఊపాడు. పత్రికాయన కూర్చున్న కారు పక్కనుంచి పోతూ ఉంటే చూశాను. సీటు వెనక్కి వాల్చుకుని టోపీ మొహం మీద పెట్టుకున్నాడు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. లెక్కలవాణ్ణి కదా, బోర్డు వెనకవైపు లెక్క వేసి చూశాను. చెరిపి మళ్ళీ వేశాను. అతను ఈ వేగంతో పోతే అందరూ అనుకున్నదానికన్నా పన్నెండు నిమిషాల ముందు గీత దాటుతాడు. శాతం కూడా కలిపితే గడువు పద్నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతుంది. కొండ చాటున బస్సు పాటలు పాడుకుంటూ, నిన్నటి లెక్కతో, తాపీగా వస్తోంది. గడువుకి ఐదు నిమిషాల ముందు దిగుతామనుకుంటున్నవాళ్ళు, గడువు దాటిపోయాక తొమ్మిది నిమిషాలకి దిగుతారు.

పోస్టుమాను వీపు వెనక ఆ అంకెలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బోర్డు ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది చీఫ్. ఎర్ర కారులో వెళుతూ, రేసు మొత్తాన్ని రేడియో మీద నడిపే ఆవిడ. ఆవిడని నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ రేడియో అన్ని జట్ల కార్లలోనూ వినిపిస్తుంది. అడిగితే ఎందుకు అడిగానో ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

మైకు నొక్కాను.

"మేడమ్, రెండో బోర్డు. ఇక్కడ మాతో పనిలేదు. వెనక్కి వెళ్ళమంటారా? బస్సు గడువుకి తొమ్మిది నిమిషాలు వెనకబడుతుంది, వాళ్ళకా సంగతి తెలియదు."

గరగర మధ్య ఆవిడ గొంతు వచ్చింది.

"మేష్టారూ, బస్సులో మీ అబ్బాయి ఉన్నాడు కదూ?"

"ఉన్నాడు మేడమ్. ఇంకో ముప్పై ముగ్గురు కూడా ఉన్నారు."

ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది. లెక్క సరిచూడమంటోంది.

"తొమ్మిది సరైనదే. బోర్డు ఎవరికి అవసరమైతే వాళ్ళది. వెళ్ళండి. మాట్లాడకండి."

"అలాగేనండి" అన్నాను. పోస్టుమాను అప్పటికే బండి పక్కకి తీసేశాడు.

రెండో కొండ పైన ఒక మలుపులో ఆగాం. జనం కుర్చీలు మడుచుకుంటున్నారు. ఒకావిడ గొడుగు మూస్తూ "అయిపోయిందిగా, ఇంకేముంది చూడ్డానికి?" అంది మమ్మల్ని చూసి. ఆవిడ తొక్కే మనిషి కాదు, మాట్లాడచ్చు.

"ఇంకో పావుగంట కూర్చోండమ్మా. రేసు ఇంకా రాలేదు."

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, పాపం, కూర్చుంది. నాకు ఒక సీసా నీళ్ళు కూడా ఇచ్చింది.

బస్సు వచ్చింది. ముందు కండక్టరు, ఒక చెయ్యి తిప్పుతూ ఏదో కథ చెబుతున్నాడు. నేను రోడ్డు అంచున నిలబడి బోర్డు రెండు చేతులతో తలపైకి ఎత్తాను. 'గడువుకి 9 నిమిషాలు వెనక.' కండక్టరు బోర్డు చూశాడు, గడియారం చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు.

"మేష్టారూ! బోర్డు తలకిందులుగా పట్టుకున్నారేమో చూసుకోండి!"

నేను తొమ్మిది కింద సుద్దముక్కతో గీత గీశాను. గట్టిగా. సుద్దముక్క విరిగింది.

"ఒరేయ్, పాటలు ఆపండి!" అని వెనక్కి తిరిగి అరిచాడు కండక్టరు. "హెడ్మాస్టరు ఇవాళ పెందలాడే బడి తెరిచాడు! అందరూ లేవండి!"

మావాడు చివర్లో వచ్చాడు. వాడు బోర్డు చూడలేదు, ముందు నన్ను చూశాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. తరవాత బోర్డు చదివాడు. చదవగానే భుజాలు కిందికి జారాయి, మొహం తేటపడింది. పూర్తిగా నిశ్చింత. అంత నిశ్చింత ఆ మొహంలో చూసి రెండేళ్ళయింది. వదిలేశాడు, ఇంక దిగిపోవడానికి ఒక సాకు దొరికింది వాడికి, అనుకున్నాను. నేనే తెచ్చి ఇచ్చాను.

కానీ కిందికి దిగి లోయలోకి వచ్చేసరికి, బస్సు ముందున్నది వాడు.

ఆ లోయలో నేను చూసినట్టు సైకిలు రేసు ఎవరూ చూసి ఉండరు. ముప్పై నాలుగు మంది, వేరువేరు జట్లవాళ్ళు, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు, వరసగా ఒకరి వెనక ఒకరు, వంతులేసుకుని గాలి చీలుస్తున్నారు. ముందున్నవాడు ఊపిరి అయిపోయేదాకా లాగి పక్కకి తప్పుకుంటే తరవాతివాడు అందుకుంటున్నాడు. వంతు ఎగ్గొట్టినవాణ్ణి కండక్టరు "టికెట్టు తీశావా?" అని గద్దిస్తున్నాడు. మేము కాస్త ముందుకి పోయి, ఆగి, రాసి చూపించడం. ఏడు. మళ్ళీ ముందుకి పోవడం. ఐదు. మళ్ళీ. మూడు. ప్రతి అంకెకీ ఒక అరుపు. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు అరుపులు విని గేట్లలోకి వచ్చారు. సగం మడిచిన కుర్చీలు మళ్ళీ తెరిచారు. పోస్టుమాను హెల్మెట్ లోపల ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

చివరి కొండ మీద బస్సు విడిపోయింది. కండక్టరు మావాడి పక్కకొచ్చి ఏదో అన్నాడు. తరవాత తెలిసింది. "నేను ఈ స్టాపులో దిగుతా, నువ్వు తీసుకెళ్ళు" అన్నాడట. మావాడు వెనక్కి చూశాడు. కండక్టరు పోపొమ్మని చెయ్యి ఊపాడు.

మేము ముందుగా గీత దగ్గరికి చేరాం. గెలిచిన హెడ్మాస్టరు మెడలో తువ్వాలు వేసుకుని, పూలగుత్తి ఒక చేతిలో తలకిందులుగా పట్టుకుని, ఇనప కంచె మీదికి వంగి ఉన్నాడు. పైన పెద్ద గడియారం.

"వస్తారా సార్?" అని అడిగాడు నన్ను.

అతను తొక్కడం అయిపోయింది కాబట్టి మాట్లాడచ్చనుకున్నాను. "వస్తారనుకుంటున్నా బాబూ."

"రోజూ ఒకే చోట లేస్తున్నానని రాశారు. బోరుగా ఉందన్నారు. అందుకని ఇవాళ మార్చాను." మొహం చిన్నబోయింది. "వెనక వీళ్ళున్నారని తట్టలేదు."

అప్పుడు మలుపులో వాళ్ళు కనిపించారు. మావాడు ముందు, నోరు తెరుచుకుని, తల ఒక పక్కకి వాలిపోయి. వెనక తోకలా మిగతావాళ్ళు. హెడ్మాస్టరు ఎగిరి కంచె మీద కొట్టడం మొదలుపెట్టాడు. "రా! రా! రా!" పూలన్నీ రాలిపోయాయి. జనం కూడా అందుకున్నారు. ఆ మూడు వారాల్లో అతను గెలిచిన ఏ రోజూ అంత అరుపు నేను వినలేదు.

గడియారం మీద ఒక నిమిషం కూడా మిగల్లేదు, వాళ్ళు గీత దాటేసరికి. నా చేతిలోని బోర్డు ఎవరి కాళ్ళ మీదో పడింది. నావే అనుకుంటా.

"ఈ రేసులో నేను చూసిన మొదటి రేసు ఇదే సార్" అన్నాడు హెడ్మాస్టరు, రొప్పుతూ. "నాకెప్పుడూ ఏమీ కనబడదు. ముందంతా ఖాళీ రోడ్డే."

కండక్టరూ, ఇంకో ఇద్దరూ గడువు దాటాక వచ్చారు. మర్నాడు పొద్దున్న కండక్టరు మామూలు బట్టల్లో, సంచి భుజాన వేసుకుని వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. ఎవరూ అతని మొహంలోకి చూడలేకపోతున్నారు. "ఏంట్రా ఈ ఏడుపు మొహాలు? పెళ్ళయ్యాక మొదటిసారి వేసవిలో ఆదివారం ఇంట్లో ఉండబోతున్నా. మా ఆవిడ నమ్మడం లేదు, ఫోన్లో ఎవరు మీరు అంటోంది" అన్నాడు. హెడ్మాస్టరు వెళ్ళి అతని సంచి అందుకుని కారుదాకా మోశాడు.

బస్సు గీత దాటిన రోజు సాయంత్రం అక్క ఫోను చెయ్యలేదు. నేనే చేశాను. గొంతు బొంగురుపోయి ఉంది.

"అరుస్తూ గెంతానేమో, కాలి చెప్పొకటి సోఫా కిందికి పోయింది, రెండోది కనబడ్డం లేదురా. పక్కింటావిడ దొంగలు పడ్డారనుకుని అట్లకాడ పట్టుకుని వచ్చింది. పాపం, తనూ కూర్చుని అరిచింది." హెడ్మాస్టరు పెందలాడే గెలిచెయ్యడంతో టీవీవాళ్ళకి సమయం మిగిలిపోయిందట. ఏం చూపించాలో తోచక కెమెరా బస్సు మీద పెట్టారట.

చివరి రోజు హెడ్మాస్టరు గెలిచాడు, అందరూ అనుకున్నట్టే. మావాడు నూట ముప్పయ్యో ఎంతో. మేనేజరు గీత పక్కనే సంతకం పెట్టించుకున్నాడు. మావాడు ఆయన వీపునే బల్లగా వాడుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అక్క వంట చేసి పెట్టి, మేము తింటుంటే ఎదురుగా కూర్చుని, బస్సు కథ మొత్తం మాకే చెప్పింది, మేము అక్కడ లేనట్టు. చెప్పి చెప్పి కుర్చీలోనే నిద్రపోయింది.

మేమిద్దరం గిన్నెలు కడిగాం. వాడు కడుగుతున్నాడు, నేను తుడుస్తున్నాను.

"నాన్నా" అన్నాడు గిన్నె మీంచి చూపు ఎత్తకుండా. "ఆ రోజు రోడ్డు మీద నిన్ను చూడగానే నా గుండె ఆగిపోయింది."

"నన్ను చూసా?"

"నువ్వెప్పుడూ ముందుంటావు కదా. బస్సు దగ్గరికి రావు. మూడో వారం, నువ్వు రోడ్డు పక్కన నిలబడి ఉన్నావు. అత్తకేదో అయిందనుకున్నా." కుళాయి కట్టేశాడు. "అమ్మ సంగతి ఫోను వచ్చింది మూడో వారంలోనే. అప్పట్నుంచీ మూడో వారం వచ్చిందంటే చాలు, కాళ్ళు తొక్కుతుంటాయి, నేను ఫోను కోసం చూస్తుంటాను. మోగకముందే ఇంటికొచ్చేస్తే మంచిదనిపిస్తుంది. వచ్చేసేవాణ్ణి."

నేను తుడిచిన పళ్ళెమే మళ్ళీ తుడుస్తున్నాను.

"తొమ్మిది నిమిషాలని రాసుంది బోర్డు మీద. ఇంతేనా అనుకున్నా. నాన్న మోసుకొచ్చిన కబురు తొమ్మిది నిమిషాలేనా!" నవ్వాడు. "తొమ్మిది నిమిషాలకేం, తొక్కచ్చు."

"నేను నువ్వు వదిలేశావనుకున్నానురా."

"నీకు మనుషుల మొహాలు చదవడం రాదు నాన్నా. అమ్మ చెప్పేది." చేతులు తుడుచుకున్నాడు. "అంకెలు బాగా రాస్తావు, అది మాత్రం ఒప్పుకోవాలి."

ఇద్దరం నవ్వాం. పెద్దగా కాదు, అక్క లేస్తుందని. తరవాత వాడు కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని "అత్తా, లోపల పడుకో" అన్నాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే "గెలిచామా?" అంది.

"ఆ, గెలిచాం. పద."

చెయ్యి పట్టుకుని లేపి, ఆవిడ గదిదాకా నడిపించాడు. మంచం మీద కూర్చోబెట్టి, దీపం ఆర్పి బయటికొచ్చాడు. చప్పుడు కాకుండా గడియ పైకెత్తి పట్టుకుని తలుపు దగ్గరగా వేశాడు.